కాగితం పూల చెట్టుకు సెలైన్

డ్రైవింగ్ స్కూలు కారులో రెండు బ్రేకులుంటాయి. ఒకటి నేర్చుకునేవాడి కాలి కింద, రెండోది పక్కన కూర్చుని నేర్పేవాళ్ళ కాలి కింద. ఈ కథలో ఇల్లాలు ఇరవై ఏళ్ళుగా ఆ రెండో బ్రేకు మీద బతుకుతున్న మనిషి. ఊళ్ళో సగంమందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఆవిడే. అంచేత అందరూ ఆవిడను మేడమ్ అంటారు. కట్టుకున్న మొగుడు కూడా, నలుగురిలో ఉన్నప్పుడు, మేడమ్ అనే అంటాడు.

వృత్తి అలవాటు గుమ్మం బయట చెప్పులతోపాటు వదిలేస్తే పోయేది కాదు కదా. ఇంట్లో కూడా ఆవిడ కుడికాలు ఊరుకోదు. మొగుడు కూరలో రెండో చెంచా ఉప్పు వేయబోతే కాలు నేలకేసి నొక్కుతుంది. ఫోనులో బావమరిదితో గొప్పలకు దిగితే నొక్కుతుంది. నోరు విప్పి ఒక్క మాట అనదు. ఆ కాలు కదలడం ఓరకంట చూశాడో, ఆయన చెంచాతో సహా ఎక్కడివాడక్కడ ఆగిపోతాడు.

ఆ ఆయనగారు ఆస్పత్రిలో కాంపౌండరు. కట్లు కట్టడం, కుట్లు వేయడం, సెలైన్ ఎక్కించడం ఆయన పని. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో తను పెట్టిన సెలైన్ ఒక్కటి కూడా దారి తప్పలేదని ఆయన గట్టి నమ్మకం. ఈ నమ్మకం ఎలా అఘోరించిందో చెప్పడానికే ఇంత ఉపోద్ఘాతం.

ఒకరోజు మధ్యాహ్నం మేడమ్ కారు లేకుండా నడుచుకుంటూ ఇంటికొచ్చింది. చెమటలు తుడుచుకుంటూ వచ్చి, అన్నం తింటున్న మొగుడి కంచం పక్కన అంగుళం పొడుగు ముల్లు ఒకటి పెట్టింది.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఎవరికి గుచ్చుకుందని అడిగాడు. పేషెంటు వివరాలు అడగడం అలవాటు.

"నా కారుకి," అంది మేడమ్. "నెలలో ఇది నాలుగోది. రివర్స్ నేర్పడానికి నాకున్నది ఆ వెనక సందు ఒక్కటే. ఆ సందు నిండా మీ చెట్టు ముళ్ళే."

"ముళ్ళచెట్టు ముళ్ళు రాల్చక ఏం రాలుస్తుంది?"

"పూలు. దాన్ని కాగితం పూల చెట్టంటారు. మూడేళ్ళయింది, ఒక్క పువ్వు పూసిందా?"

ఈ ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేదు. జవాబు లేదు గనక కోపం వచ్చింది. కోపం వచ్చింది గనక, పూస్తుందని, పూసి తీరుతుందని, పూయకపోతే తన పేరు మార్చుకుంటానని కంచం ముందు కూర్చునే శపథం చేశాడు.

మేడమ్ కాలు నేలకేసి నొక్కలేదు. బల్ల మీదికి వంగి తాపీగా షరతు చెప్పింది.

"పేరు మారిస్తే ఆధార్‌లో తిప్పలు. అదొద్దు. నెలన్నర టైమిస్తున్నా. ఈలోగా పూస్తే చెట్టు ఉంటుంది, పంక్చర్లు నేను చూసుకుంటా. పూయకపోతే చెట్టు పోతుంది, మీరు నా పక్కన డ్రైవింగ్ సీట్లో కూర్చుంటారు."

కాంపౌండరు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఎందుకంటే ఊరందరికీ నేర్పిన ఆ మహా ఇల్లాలికి లొంగని విద్యార్థి ఈయనొక్కడే. పెళ్ళయిన నాటినుంచి ఆవిడ పిలుస్తూనే ఉంది, ఈయన తప్పించుకుంటూనే ఉన్నాడు. ఆస్పత్రికి రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని నడిచే పోతాడు. పెళ్ళాం దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్నవాడు ఆ తర్వాత ఎడమకు తిరగాలన్నా ఇంట్లో పర్మిషన్ అడగాలని బయట జోకులేస్తాడు. అసలు సంగతి అది కాదు. ముప్ఫై ఏళ్ళుగా బళ్ళు గుద్దుకున్నవాళ్ళకు కట్లు కట్టికట్టి ఆయనకు స్టీరింగంటేనే గుండెలు జారిపోతాయి. ఇంటి వెనక సందు వైపు తొంగి కూడా చూడడు. అక్కడ కనిపిస్తే సీట్లో కూర్చోబెట్టేస్తుందని భయం.

అయినా, సరే అన్నాడు. చెట్టు కోసం అన్నాడు.

ఆ చెట్టు సంగతి కొంచెం చెప్పాలి. పాత ఆస్పత్రి గేటు పక్కన ఇటుకరంగు కాగితం పూల చెట్టు ఒకటుండేది. నీళ్ళు పోసేవాడు లేడు, పాదు చేసేవాడు లేడు, ఏడాదికి పది నెలలు మండిపోతున్నట్టు పూసేది. ఇరవై మూడేళ్ళ కిందట ఒకమ్మాయి మేనమామ పక్కన కూర్చుని కూరగాయల వ్యాను నడపడం నేర్చుకుంటూ, ఎదురుగా వచ్చిన సైకిల్‌ను తప్పించబోయి నేరుగా ఆ చెట్టులో దూరింది. చేతుల్లోంచి పదకొండు ముళ్ళు తీసి, మోకాలికి ఏడు కుట్లు వేసింది మన కాంపౌండరే. కుట్లు విప్పించుకోవడానికి వచ్చిన అమ్మాయి అవసరం లేకపోయినా మరో మూడుసార్లు వచ్చింది. ఆ అమ్మాయే తర్వాత మేడమ్ అయింది.

మూడేళ్ళ కిందట పాత ఆస్పత్రి పడగొట్టారు, చెట్టు కూడా పోయింది. పోయేముందు రోజు కాంపౌండరు ఒక కొమ్మ కోసి, తడిగుడ్డలో చుట్టి, పసిపిల్లను తెచ్చినట్టు ఇంటికి తెచ్చి పెరట్లో సిమెంటు తొట్టిలో నాటాడు. ఎక్కడిదని మేడమ్ అడగలేదు. ఈయనా చెప్పలేదు. తనేదో సినిమా హీరోలా కొమ్మ పట్టుకుని నిలబడి పాత సంగతి ఎత్తడానికి సిగ్గు. పైగా డ్రైవింగ్ నేర్పే మనిషి ముందు ఆవిడ చేసిన యాక్సిడెంటు గురించి మాట్లాడే ధైర్యం ఎవరికుంటుంది? ఆవిడకు ఆ చెట్టే గుర్తులేదని, గుర్తుంటే కొట్టేయిస్తానని అనేది కాదని ఆయన లోలోపల నొచ్చుకున్నాడు.

మర్నాడే నర్సరీకి వెళ్ళాడు. మేడమ్ తనే కారులో దింపింది. నర్సరీ ముసలాయన ఎండుటాకులు ఏరుకుంటూనే విషయం విన్నాడు.

"రోజుకెన్నిసార్లు నీళ్ళు పోస్తున్నారు?"

"రెండుసార్లు. ఎండ ఎక్కువైతే మూడు."

"ఎరువు?"

"వారం వారం."

ముసలాయన తలెత్తి, నేరస్తుణ్ణి చూసినట్టు చూశాడు. "అన్నీ మానేయండి. ఆకు వాలిపోయేదాకా చుక్క నీళ్ళు పోయొద్దు. వాలాక ఒక్క చెంబు పోయండి. మళ్ళీ మానేయండి. ఎండలో ఎండనివ్వండి. ఇక చచ్చిపోతానేమోనని దానికి భయం పుట్టాలి. అప్పుడు పూస్తుంది."

కాంపౌండరు మొహం ఎర్రబడింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో పేషెంటు నోరు ఎండగట్టిన పాపాన పోలేదని, అలాంటి వైద్యం తన చేతులమీదుగా జరగదని చెప్పాడు. ఇది పేషెంటు కాదు బాబూ, మొండిఘటం, ముద్దు చేస్తే ఆకులే వేస్తుంది అన్నాడు ముసలాయన. ఈయన విసురుగా వెనక్కి తిరిగి వచ్చేశాడు. కారులో అద్దం దించుకుని కూర్చున్న మేడమ్ ఇదంతా విన్నది. విని, ఏమీ ఎరగనట్టు బండి స్టార్ట్ చేసింది.

ఆ సాయంత్రమే వైద్యం మొదలైంది. ఆస్పత్రిలో పారేసే ఖాళీ సెలైన్ సీసా ఒకటి తెచ్చి కడిగి, మంచినీళ్ళు నింపి, చెట్టు పక్కనే కర్ర పాతి దానికి వేలాడదీశాడు. కొత్త గొట్టం తగిలించి, దాని కొస చెట్టు మొదలు దగ్గర మట్టిలో దింపి, పైన ఎండుటాకులు కప్పాడు. నిమిషానికి పద్దెనిమిది చుక్కలు. వాచీ చూసుకుని లెక్కపెట్టి మరీ పెట్టాడు. ఆ పూటనుంచి చెంబుతో పోయడం మానేశాడు, ఏదైనా ఇక సీసాలోంచే.

అట్ట ముక్కకు కాగితం అంటించి, తొట్టికి కేస్‌షీటు తగిలించాడు. వయసు: మూడేళ్ళు. బాధ: పూయకపోవుట. ఆహారం: ద్రవపదార్థములు. డ్యూటీకి పోయేముందు ఒక రౌండు, వచ్చాక ఒక రౌండు. రౌండుకు తెల్లకోటు కూడా వేసుకునేవాడు. ఇంట్లో తెల్లకోటెందుకని మేడమ్ అడిగితే, పేషెంటుకు మనమీద గురి కుదరాలని చెప్పాడు.

ఇక్కడ ఆయన లోపం ఒకటి చెప్పకపోతే అన్యాయం. ఆయన చూపంతా ఎప్పుడూ సీసా మీదే. ఎంత దిగింది, ఎంత మిగిలింది, చుక్క సరిగ్గా పడుతోందా లేదా. పేషెంటు మొహం చూడటం డాక్టరుగారి పని, మనది కాదు అన్నది ఆయన సిద్ధాంతం. గొట్టం పైకొస చూస్తాడు గానీ కిందికొస ఎక్కడుందో చూడడు. చూడవలసిన అవసరం ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడూ రాలేదు. పేషెంట్లు మంచం మీదినుంచి కదలరు కదా.

పది రోజులకు ఆకులు కొంచెం వాలాయి. కేస్‌షీటులో నీరసం అని రాసి, చుక్కలు ముప్ఫైకి పెంచాడు. ఇరవై రోజులకు ఇంకా వాలాయి. సీసాలో బలం మందు కూడా కలిపి, నలభైకి పెంచాడు. సీసా మాత్రం చక్కగా ఖాళీ అవుతోంది. నింపినదల్లా తాగుతోంది, ఇంత తాగిన ప్రాణి పూయక ఎక్కడికి పోతుందని ఆయన ధీమా.

నర్సరీ ముసలాయన ఒకసారి దారిలో కనిపించి చెట్టెలా ఉందని అడిగాడు. రెండు పూటలా సెలైన్ ఎక్కుతోందని ఈయన ఛాతీ విరుచుకుని చెప్పాడు. ముసలాయన సంచి భుజం మార్చుకుని ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయాడు. నోట మాట రాక పోయాడని ఈయన అనుకున్నాడు.

ఇంటి దగ్గర ఇంకో విచిత్రం జరిగింది. ఈ రోజులన్నిటిలో మేడమ్ కాలు ఒక్కసారి కూడా నేలకేసి నొక్కలేదు. సీసా వేలాడదీసినప్పుడు నొక్కలేదు. కోటు వేసుకున్నప్పుడు నొక్కలేదు. రోజులో ఇరవైసార్లు నొక్కే కాలు నెలరోజులు ఊరుకుంటే ఎంత బుద్ధిహీనుడికైనా అనుమానం రావాలి. ఈయనకు మాత్రం ఆవిడ ఓటమి ఒప్పుకున్నట్టు తోచింది.

ఆ రోజుల్లోనే భోజనాల దగ్గర టమాటా జోరు మొదలైంది. పప్పులో టమాటా, కూరలో టమాటా, ఊరికే కోసి ఉప్పు చల్లిన టమాటా. ఒక్కోటి పిడికిలంత ఉంది.

"ఎక్కడివి ఇవి? ఇంత రుచిగా ఉన్నాయి," అన్నాడు రెండోసారి వడ్డించుకుంటూ.

"మనవే. చెట్టు తొట్టి వెనకాల పాత బకెట్లో వేశాను కదా, అవి."

"ఏం వేస్తున్నావు దానికి?"

"నేనేమీ వేయడంలేదండీ," అంది మేడమ్. అందులో అబద్ధం ఒక్క వీసం కూడా లేదు.

ఇంకో రోజు ఆవిడ వెనక సందు ఊడ్చి చేటతో లోపలికొచ్చింది. చేటలో ఎర్రెర్రగా, ఇటుకరంగులో, పల్చటి ముక్కలేవో పదీ పదిహేను కనిపించాయి. కాంపౌండరు పేపరు చదువుతూ ఒక కంట చూసి, జనానికి బొత్తిగా శుభ్రం లేకుండా పోయిందని, కాగితాలన్నీ చింపి రోడ్డు మీదే పోస్తారని విసుక్కున్నాడు. అవునండీ, రోజురోజుకీ ఎక్కువైపోతున్నారు అని మేడమ్ చేట పట్టుకుని లోపలికి పోయింది. వంటింట్లోంచి ఆవిడకు దగ్గు తెర వచ్చినట్టు వినిపించింది. దగ్గు మందు ఏ సీసాలో ఉందో ఈయన కుర్చీలోంచి కేకేసి చెప్పాడు.

చూస్తుండగానే గడువు దగ్గర పడింది. ఆదివారం పొద్దున పదింటికి పరీక్ష. శనివారం మధ్యాహ్నం హాఫ్‌డే పెట్టి వచ్చి చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. పెరటి గోడ ఆయన కంటే రెండడుగులు ఎత్తు. కొమ్మలన్నీ ఎండ కోసం ఆ గోడ దాటి అవతలికి వాలిపోయాయి. ఇవతల మిగిలినవి మోడుల్లాంటి కాడలు, సగం వాలిన ఆకులు. మొగ్గ కాదు కదా, మొగ్గ తాలూకు నలుసైనా లేదు.

కాంపౌండరు తొట్టి అంచుమీద కూలబడ్డాడు. చెట్టు పోతుంది. పాత ఆస్పత్రి గేటు, ఆ వ్యాను, మోకాలు పట్టుకుని ఏడుపు ఆపుకుంటున్న ఆ పిల్ల, వీటన్నిటికీ ప్రపంచంలో మిగిలిన ఆనవాలు ఇదొక్కటే. రేపు పొద్దున ఎవడో వచ్చి దీన్ని నరికి ఈడ్చుకుపోతాడు. ఆయనకు నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత మొండితనం తిరిగింది. ఎవరు నరుకుతారో చూస్తానన్నాడు, టమాటా బకెట్ వైపు చూసి.

ఎదురింట్లో రిటైరయిన లైబ్రేరియన్ గారుంది. వరసకు ఏమీ కాకపోయినా వీధి అంతా పిన్నిగారంటారు. ఆవిడ వరండాలో తెల్లటి కాగితం పూలు కుండీల నిండా పూసి ఉంటాయి. కాంపౌండరు వెళ్ళి, ఆస్పత్రిలో ఒక పరిశోధన కోసమని ఒక్క పూలకొమ్మ అడిగాడు. పరిశోధన అనగానే పిన్నిగారు కళ్ళజోడు పెట్టుకుంది.

"ఇస్తాను. కానీ పూలు చూడటం అయిపోయాక కొమ్మ నాకు తిరిగివ్వాలి. కుండీలో గుచ్చుకుంటే బతుకుతుంది. ఎప్పుడిస్తారు?"

"ఎప్పుడంటే, రేపు పదింటికల్లా పని అయిపోతుంది పిన్నిగారూ."

అది నోరు జారడమని ఆయనకప్పుడు తెలియలేదు. ముప్ఫై అయిదేళ్ళు పుస్తకాలు తిరిగి రాబట్టిన మనిషికి టైము చెప్పడమంటే ఏమిటో చెప్పవలసిన పనిలేదు. ఆవిడ గోడ క్యాలెండరు మీద రాసుకుని, జానెడున్నర కొమ్మ కోసిచ్చింది.

మేడమ్ క్లాసుకు వెళ్ళిన వేళ చూసుకుని, కాంపౌండరు ఆపరేషన్‌కు దిగాడు. మామూలు మనిషైతే ఆ కొమ్మను దారంతో కట్టేవాడు. ఈయన కుట్లు వేశాడు. వంకీ సూది, నల్ల దారం, పట్టకారు, అన్నీ సక్రమంగా. తెల్లపూల కొమ్మను చెట్టు కాడకు ఆనించి బెరడులోంచి బెరడులోకి కుట్టి, పైన ప్లాస్టరు వేయబోయి, మరీ తెలిసిపోతుందని మానుకున్నాడు. చేతులకు నాలుగుచోట్ల గీసుకుంది. పట్టించుకోలేదు. రెండడుగులు వెనక్కి వెళ్ళి చూసుకుంటే తనకే నమ్మబుద్ధయింది.

ఆదివారం పదికి రెండు నిమిషాలు తక్కువ. మేడమ్ పెరట్లోకి వచ్చింది. కాంపౌండరు తెల్లకోటులో, చేతులు వెనక్కి కట్టుకుని, వార్డు చూపించడానికి నిలబడ్డవాడిలా నిలబడ్డాడు.

"పూసింది," అన్నాడు.

"తెల్లగా పూసిందే," అంది మేడమ్.

"మొదటి కాపు తెల్లగానే ఉంటుంది. వయసొచ్చే కొద్దీ రంగు తేలుతుంది."

మేడమ్ దగ్గరకు వెళ్ళి కొమ్మ కింద వేలు పెట్టింది. వేలు ఒక్కో కుట్టు మీదా ఆగుతూ కిందికి జారింది. పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతోంది.

"ఏడు," అంది చివరికి. "మీరు కుట్టు వేస్తే ముడి దగ్గర ఒక కొస పొడుగ్గా వదిలేస్తారు. తర్వాత విప్పేటప్పుడు పట్టుకోవడానికి వీలుగా. ఇదిగో, దీనికీ వదిలారు."

కాంపౌండరు దొరికిపోయాడు. అయినా తగ్గలేదు. చెట్లకు సహజంగా అలాంటి పీచు ఉంటుందని చెప్పబోతుండగా ముందు గుమ్మం దగ్గర గొంతు వినిపించింది. ఎదురింటి పిన్నిగారు కళ్ళజోడు సర్దుకుంటూ తిన్నగా పెరట్లోకి వచ్చేసింది.

"పదయింది నాయనా. నా కొమ్మ ఏదీ?" అని అడిగి, చెట్టు వైపు చూసి, మొహం చిట్లించింది. "అదేమిటి, కుట్టేశారు? నేను ఇచ్చినప్పుడు చెక్కుచెదరకుండా ఉంది కదా."

కుట్లు విప్పడానికి ఆయనకు నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలూ ఇద్దరాడవాళ్ళు చేతులు కట్టుకుని చూశారు. ఆయన జీవితంలో అంత నెమ్మదిగా నడిచిన నాలుగు నిమిషాలు మరి లేవు. పిన్నిగారు కొమ్మను ఎండకు పట్టి చూసి, బెరడుకు ఏడు చిల్లులు పడ్డాయని, ఇకమీదట పరిశోధనలకు ఇచ్చేది లేదని చెప్పి వెళ్ళిపోయింది.

సరిగ్గా అప్పుడే సందులోకి తెరుచుకునే వెనక తలుపు చప్పుడైంది. భుజాన ఇనుప ఊచల కట్ట, చేతిలో కోత మిషను పట్టుకుని ఒకతను లోపలికొచ్చి, ఏది మేడమ్ చెట్టు అన్నాడు.

కాంపౌండరు ఒక్క గెంతున వెళ్ళి చెట్టుకు వీపు ఆనించి రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. ముళ్ళు కోటులోంచి దిగి వీపుకు తగిలాయి. కదల్లేదు.

"నేను ఒప్పుకోను," అన్నాడు. "కుట్టాను. అవును, నేనే కుట్టాను. పూయదు, ఎప్పటికీ పూయదు, అయినా ఉంటుంది. ఇది పాత ఆస్పత్రి గేటు చెట్టు కొమ్మ. దీని తల్లి నీకు గుర్తులేకపోవచ్చు. నాకు గుర్తుంది. కావాలంటే రోజూ పొద్దున్నే సందులో ముళ్ళు నేనే ఏరతాను. దీన్ని నరకాలంటే ముందు నన్ను పడగొట్టాలి."

మిషను పట్టుకున్నతను ఊచల కట్ట కిందికి దించి, మేడమ్ వైపు అయోమయంగా చూశాడు.

"నన్ను పిలిచింది పందిరి వెల్డింగుకు కదా మేడమ్? నరకడమేంటి?"

మేడమ్ మొగుడి మొహంకేసి చూసింది. ఆవిడ కళ్ళలో కోపం లేదు, అదింకా ఇబ్బందిగా ఉంది ఆయనకు.

"కొమ్మల్ని సందులో పడకుండా పైకెత్తి కట్టడానికి పిలిచాను," అంది. "రండి. ఒక్కసారి నా సందులోకి వచ్చి చూడండి. కారెక్కించనులెండి."

ఇన్నేళ్ళలో మొదటిసారి కాంపౌండరు వెనక తలుపు దాటాడు. దాటి, తలెత్తి, అలాగే నిలబడిపోయాడు.

గోడ అవతల వైపు గోడే కనిపించడంలేదు. ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఇటుకరంగు పూలు. గాలికి కొన్ని రాలి సందులో పడుతున్నాయి. అవి చేటలో చూసిన ముక్కలే. పాత ఆస్పత్రి గేటు దగ్గర ఉన్న చెట్టే మళ్ళీ లేచి వచ్చినట్టుంది.

"రెండు వారాలయింది పూసి," అంది మేడమ్. "ముసలాయన చెప్పినట్టే ఎండగట్టాను. మీరు పెట్టిన గొట్టం రెండో రోజే తీసి వెనక బకెట్లో పెట్టాను. మీరు ఎక్కించిన సెలైన్ అంతా టమాటా తాగింది. మళ్ళీ మీరే తిన్నారు."

బలం మందుతో సహా. ఆయన చెయ్యి తెలియకుండానే పొట్టమీదికి పోయింది.

అయినా కాంపౌండరు అంత తేలిగ్గా లొంగే రకమా? రెండు నిమిషాల్లో తేరుకుని, కోటు సర్దుకుని వాదన లేవదీశాడు. షరతు పువ్వు పూయాలని. పూసింది. ఎలా పూసిందన్నది షరతులో లేదు. కనక చెట్టు ఉంటుంది, డ్రైవింగ్ సీటు ప్రసక్తి లేదు, గెలుపు తనది.

"పూసిన చెట్టుకు ఎవరైనా పక్కింటి పూలు కుడతారా?" అంది మేడమ్. "పూయలేదని పొద్దున పదింటికి మీరే ఒప్పుకున్నారు. ఏడు సంతకాలు పెట్టి మరీ."

ఆయన వెనకే వచ్చిన వెల్డర్ వైపు చూశాడు, సాయం దొరుకుతుందేమోనని. వెల్డర్ ఊచలు కొలుచుకోవడంలో మునిగిపోయాడు.

సందు చివర కారు నిలబడి ఉంది. కాంపౌండరు తెల్లకోటుతోనే డ్రైవింగ్ సీట్లో కూర్చున్నాడు. తను భయపడటంలేదని, ఇది కేవలం ఇచ్చిన మాట కోసమేనని, ఇది మొదటిదీ చివరిదీ అని ముందే స్పష్టంగా చెప్పాడు. స్టీరింగును బీపీ మిషను పట్టీ చుట్టినట్టు రెండు చేతులా బిగించాడు. మేడమ్ పక్కన కూర్చుని, క్లచ్చు ఏదో, రివర్స్ ఎలాగో నాలుగు మాటల్లో చెప్పింది.

కారు వెనక్కి కదిలింది. నెమ్మదిగానే కదిలింది. ఆయన అద్దంలో చూడకుండా, అలవాటు ప్రకారం పెట్రోలు ముల్లుకేసి చూస్తూ కూర్చున్నాడు. ఎంత ఉంది, ఎంత దిగింది. అద్దంలో ఇటుకరంగు పెద్దదవుతోంది, ఇంకా పెద్దదవుతోంది. పక్కన ఆ రెండో బ్రేకు మీద మేడమ్ కాలు ఆనించి ఉంది. అది మాత్రం నొక్కలేదు.

మెత్తగా, ఆకులు కరకరలాడుతూ, కారు వెనక భాగం కొమ్మల్లో దూరి ఆగింది. కారు అద్దాల మీద పూలు జలజలా రాలాయి. కింద ఎక్కడో సన్నగా గాలి పోతున్న చప్పుడు వినిపించింది. అయిదో పంక్చరు.

కాంపౌండరు తలుపు తీసుకుని గబగబా దిగి, కారు వైపు చూడనైనా చూడకుండా చెట్టు దగ్గరికి పరిగెత్తి, విరిగిందేమోనని కొమ్మల్లో చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి పెట్టినట్టే వెనక్కి తీసుకున్నాడు. బొటనవేలి కింద ముల్లు దిగింది.

"చెట్టుకేం కాలేదు," అన్నాడు పౌరుషంగా, చెయ్యి పట్టుకుని.

మేడమ్ తాపీగా దిగి, ఆయన కోటు జేబులోంచే పట్టకారు తీసింది. చెయ్యి తన చేతిలోకి తీసుకుని వెలుతురుకు తిప్పింది. ఆయన కాసేపు ఓర్చుకున్నాడు, తర్వాత ఉండబట్టలేక అడిగాడు.

"బ్రేకు నీ కాలి కిందే ఉంది కదా. ఎందుకు నొక్కలేదు?"

మేడమ్ ముల్లు మీంచి చూపు తిప్పలేదు.

"ఆ రోజు వ్యానులో మామయ్య కాలి కింద బ్రేకు లేదు," అంది. "ఉండి ఉంటే నాకు మీరెక్కడ దొరికేవారు?"

ముల్లు వచ్చేసింది. దాన్ని ఊది పారేసి, ఆవిడ చెయ్యి వదిలేసింది. కాంపౌండరు కాసేపు పూలవంక, కాసేపు గాలి పోయిన టైరువంక చూశాడు. తర్వాత రెండో చెయ్యి కూడా చాపాడు. అందులో ముల్లు లేదు.